గుడివాడ నుంచి దివిసీమకు ఒక డై నట్టు

దివిసీమకు జనం మోపిదేవి దర్శనానికి వెళ్తారు, లేదంటే సముద్రం చూడ్డానికి వెళ్తారు. నేను మాత్రం హ్యాండ్‌బ్యాగులో ఒక నట్టు పెట్టుకుని వెళ్లాను. జూన్‌లో ఒక శనివారం, ఇంకా కాఫీ అయినా తాగకముందే మా మేనత్త సువార్తమ్మ ఫోన్ చేసింది. నాగాయలంక దాటాక ఉన్న వాళ్ల ఊళ్లో చర్చికి ఇనుప షెడ్డు కడుతున్నారు. పాతది గాలివానకు పడిపోయినప్పటి నుంచి టార్పాలిన్ పట్టా కిందే ఆరాధన. కొత్త షెడ్డు కోసం కాంక్రీటు దిమ్మెలు పోసి, వాటిలో పైకి నిలబడేలా లావుపాటి బోల్టులు పాతారు. స్తంభాల అడుగు ప్లేట్లను, వాటి చిల్లుల్లోంచి ఆ బోల్టులు పైకి వచ్చేలా దించి, పైన నట్లు బిగించాలి. ఆ నట్లే ఎక్కడం లేదట.

"ఎందుకు ఎక్కవు అత్తయ్యా?" అన్నాను.

"మేం రంగేశామే," అంది గొంతు తగ్గించి. "ఉప్పుగాలికి తుప్పు పట్టి చస్తాయని స్త్రీల సమాజం వాళ్లమంతా కూర్చుని మూడు పూతలేశాం. సిల్వర్ కలర్. పోయిన ఆదివారం ప్రార్థనలో ఎంత మెరిశాయనుకున్నావ్!"

రంగు తెచ్చింది, పూత పూతకీ ఆరబెట్టించింది మా అత్తయ్యే. ఆవిడ ఏ పనైనా అరకొరగా చెయ్యదు, అదే వచ్చిన చిక్కు. బోల్టుల మరల గాడుల్లో రంగు గట్టిపడి రాయిలా కూర్చుంది. స్తంభాలెత్తే క్రేన్ ముందురోజు సాయంత్రమే వచ్చింది, ఈ ఒక్క రోజే ఉంటుంది. నేడో రేపో కాలవకు నీళ్లు వదులుతారు. నీళ్లొస్తే పొలాల్లో దమ్ము దున్నడం మొదలై, చర్చికి వెళ్లే డొంకదారి ట్రాక్టర్ల కింద బురదవుతుంది. ఇక క్రేన్ రావాలంటే వరికోతలయ్యాకే. అంటే ఈ వానాకాలం కూడా పట్టా కిందే. "అంతా నా మూలంగానే," అని అత్తయ్య ఏడ్చేసరికి నా నిద్రమత్తు ఎగిరిపోయింది.

ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకుని మేస్త్రీ ఏడుకొండలు మాట్లాడాడు. "డై నట్టని ఒకటుంటదండీ, అది తిప్పితే మరలు శుభ్రమైపోతాయి. అవనిగడ్డలో ఈ సైజు లేదన్నారు. స్తంభాలు చేసిన గుడివాడ షాపులో ఉందంట. పంపడానికి మనిషి లేడంటున్నాడు. మీరు బందర్లోనే ఉన్నారు కదా, కాస్త పట్టుకొస్తారా అమ్మా?"

మచిలీపట్నం నుంచి గుడివాడకు పెడన, గుడ్లవల్లేరు మీదుగా బస్సులో గంటా పావు పట్టింది. రైలు కూడా ఉంది కానీ, దాని టైముకు మనం కుదరాలి. బస్టాండు నుంచి షాపుకు ఆటోలో వెళ్లాను. అప్పుడే షట్టరు తీస్తున్న షాపాయన నా మాట సగంలో ఉండగానే నవ్వాడు.

"బోల్టులకు రంగేసింది మీ వాళ్లేనాండీ?"

"మా వాళ్లేనండీ. మూడు పూతలు."

ఆయన డై నట్టు తీసి నా చేతిలో పెట్టాడు. చూడ్డానికి మామూలు నట్టే, లోపల మాత్రం కోసే పళ్లున్నాయి. నా గుప్పెట నిండిపోయి, బరువుగా ఉంది. "ముందు థిన్నర్‌తో తడిపి, ఇనప బ్రష్షుతో రుద్దమనండి. ఆ తర్వాత ఇది తిప్పాలి. ఒక్కసారే బలం పెట్టొద్దు, కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి. సోమవారం తెచ్చిచ్చెయ్యండి, మా దగ్గర ఇదొక్కటే ఉంది." అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పాను. థిన్నర్ ఊళ్లోనే ఉంది, రంగులో కలపగా మిగిలింది!

గుడివాడ నుంచి పామర్రు, అక్కడ మారి అవనిగడ్డ బస్సు. రెండు బస్సులకూ కలిపి, ఎదురుచూపుతో సహా, రెండున్నర గంటలు వేసుకోండి. కూచిపూడి దాటాక కిటికీలోంచి చూస్తే చేలన్నీ ఎండి, నెర్రెలిచ్చి ఉన్నాయి. ఎండిన చేను చూసి అంత సంతోషించడం నాకదే మొదలు. మోపిదేవిలో సగం బస్సు ఖాళీ అయింది. అవనిగడ్డలో నాగాయలంక షేర్ ఆటో ఎక్కి, "కాలవకి నీళ్లు వదిలారా అండీ?" అని అడిగాను. "ఇవాళ రాత్రికి మా ఊరికి చేరతాయంటున్నారండీ," అన్నాడు డ్రైవరు హుషారుగా. నేను టైము చూసుకున్నాను.

నేను దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. స్త్రీల సమాజం మొత్తం దిమ్మెల చుట్టూ చేరి బోల్టులు రుద్దుతోంది, ముంజేతుల దాకా వెండి రంగు. అత్తయ్య మాత్రం లేదు. ఇంట్లో ముసుగు పెట్టి పడుకుంది. వెళ్లి లేపాను.

"నేను రానే. నా మొహం ఎవరికి చూపించను?"

"మొహం ఎవరడిగారు? చేతులు చాలు, పద."

ఏడుకొండలు మొదటి బోల్టు మీద డై నట్టు పెట్టి, స్పానరుతో కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి తిప్పాడు. వెండి పొరలు రాలాయి. దాన్ని తీసేసి మామూలు నట్టు పెట్టాడు. "అమ్మగారూ, ఇలా రండి. మీరే తిప్పండి," అన్నాడు. అత్తయ్య భయంభయంగా వేలు ఆనించింది. నట్టు గిర్రున దిగిపోయింది. ఆవిడ అక్కడే చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మేమంతా నవ్వాం, నా కళ్లలోనూ నీళ్లే. చీకటి పడకముందే ఆఖరి స్తంభం నిలబడింది, క్రేన్ డొంక దాటి తారురోడ్డెక్కింది.

తెల్లవారేసరికి కాలవ నిండుగా పారుతోంది. ఆ ఆదివారం ఆరాధన పట్టా కిందే జరిగింది కానీ, ఆ పట్టా తాళ్లు కొత్త స్తంభాలకు కట్టారు. పైన రేకులు వేసే పనికి క్రేన్ అక్కర్లేదు, నిచ్చెనలు చాలు. ఎన్నో ఊళ్లు తిరిగి ఎన్నో అందాలు చూశాను గానీ, ఆ వేళ ఆ కాలవ గట్టు మీద నిలబడి పీల్చుకున్నంత హాయిగా ఎక్కడా ఊపిరి పీల్చుకోలేదు.

మీరూ ఎక్కడైనా షెడ్డు కట్టిస్తుంటే ఒక్క మాట: బోల్టులను తుప్పు నుంచి కాపాడాలంటే రంగు వద్దు, గ్రీజు రాసి పైన ప్లాస్టిక్ కవరు చుట్టండి. మా అత్తయ్య ఇప్పుడు స్తంభాలకు సిల్వర్ కలర్ వేయిస్తోంది. బ్రష్షు ముట్టుకునే ముందు, బిగించిన నట్లతో సహా ప్రతి బోల్టుకూ పాల ప్యాకెట్ కవరు తొడిగి, దారంతో మూడేసి చుట్లు చుట్టి కట్టింది.