అన్నం గిన్నె చుట్టూ అమ్మోనియా

పాసయ్యాను! మిగిలిపోయిన ఆ ఒక్క కెమిస్ట్రీ పేపరూ పాసయ్యాను. అంటే డిగ్రీ వచ్చేసింది. మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ. కూర్చోలేకపోతున్నాను. మారేడ్‌పల్లిలోని మా ఒంటిగదిలో గుమ్మం నుంచి పొయ్యి దాకా తిరుగుతూనే ఉన్నాను.

పరీక్ష రాసిన రోజు నుంచీ ఇదే తిరుగుడు. అమ్మోనియా అణువు ఆకారం అడిగారు. మిగతా జవాబులు అంతంతమాత్రమే, ఇదీ పోతే పేపరు పోయినట్టే. బయటికి రాగానే స్నేహితురాలు పట్టుకుంది.

"టెట్రాహెడ్రల్ రాసినవ్ గదా?"

"లేదే, పిరమిడ్ అని రాసిన."

"పిచ్చిదానా! నాలుగు జంటలున్నయ్ గదనే. మళ్ల సప్లీ రాసుకో పో."

జంటలు నాలుగన్నది నిజమే. నైట్రోజన్ చుట్టూ నాలుగు ఎలక్ట్రాన్ జంటలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వీలైనంత ఎడంగా, నాలుగు మూలలకు సర్దుకుంటాయి. ఆ అమరికే టెట్రాహెడ్రల్. మూడింటికి హైడ్రోజన్లు అంటుకుని ఉంటాయి. నాలుగోది ఒంటరి జంట. ఎవరితోనూ పంచుకోదు, చోటు మాత్రం ఎక్కువ తీసుకుంటుంది.

అది నాకు మా అన్నం గిన్నె దగ్గరే అర్థమైంది. మధ్యలో గిన్నె, చుట్టూ అమ్మ, నాన్న, నేను, నానమ్మ. నానమ్మకు మోకాలు వంగదు, కాలు బారజాపుకుని కూర్చుంటుంది. మేం ముగ్గురం మోచేతులు తగిలేలా ఒదుగుతాం. ఒకసారి నాన్న అమ్మతో, "జెర అటు జరుగు" అన్నాడు.

"అటు మీ అమ్మ కాలుంటది గద" అంది అమ్మ.

ఆ కాలు అప్పుడు బన్సీలాల్‌పేట్‌లో, మేనత్త ఇంట్లో ఉంది. అయినా ఎవరం జరగలేదు.

పరీక్ష హాల్లో నాకు ఆ చోటే గుర్తొచ్చింది. ఆకారం చెప్పేటప్పుడు లెక్కకొచ్చేవి పరమాణువులే. పైన ఖాళీగా కనిపించే చోటు నుంచి ఒంటరి జంట నెడుతుంటే, కిందికి ఒదిగిన మూడు హైడ్రోజన్లు. పిరమిడ్. ధైర్యంగానే రాశాను. స్నేహితురాలి మాట విన్నాక మాత్రం అన్నం సహించలేదు.

ఇందాక ఫలితం చూపిస్తే అమ్మ కళ్లు తుడుచుకుని గిన్నె దించింది.

"తిని చెయ్ ఫోన్లు."

"తర్వాత తింట."

"అయితే ముందుగాల మీ నానమ్మకు చెయ్. కాలు మళ్ల మీ మేనత్త ఇంట్ల జాపింది గానీ, చెవులు ఈడనే ఉంటయ్."

చేశాను, ఎత్తలేదు. ఇంకా చెప్పాల్సినవాళ్లు: నానమ్మ, ఎత్తేదాకా. తిరుమలగిరిలో డ్యూటీలో ఉన్న నాన్న. ట్యూషన్ చెప్పిన మేడమ్. టెట్రాహెడ్రల్ రాసిన స్నేహితురాలు. ఆమెకు ఏం వచ్చిందో అడగాలంటేనే భయంగా ఉంది.