గోడకేసి వాయించిన గిటారు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఈ భూమ్మీద ఏదీ లేదని నా గట్టి నమ్మకం. (ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకునేరు. చేతిలో సెల్లు, సెల్లులో నెట్టు ఉన్న రోజులే. పెళ్లికి ముందున్న కాలమంతా మగవాడికి "ఆ రోజుల్లో" కిందికే వస్తుంది.) మిర్యాలగూడలో మా ఇల్లు, సూర్యాపేటలో ఒక ప్రైవేటు బళ్లో కంప్యూటర్ సారు ఉద్యోగం. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో పిల్లలు. ఎవరింట్లో టీవీ పాడైనా, ఎవరి ఫోను నీళ్లలో పడినా నన్నే పిలిచేవారు. నేను గంభీరంగా వెళ్లి, ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసేవాణ్ణి. సగం జబ్బులు దాంతోనే నయమయ్యేవి. నయం కానివాటిని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "దీని లైఫ్ అయిపోయింది" అని తేల్చేసేవాణ్ణి. ఈ ఒక్క వైద్యంతోనే రెండు ఊళ్లలోనూ పేరు సంపాదించాను.

అటువంటి ఘనుణ్ణి మా చర్చిలో గిటారు వాయించేవాణ్ణి. అప్పటిదాకా మైకు ముందు వాయించిన మామూలు గిటారు అమ్మేసి, ఎంతో ఆశపడి ఒక ఎలక్ట్రిక్ గిటారు, దాంతోపాటు ఒక యాంప్ మోడలర్ తెప్పించుకున్నాను. చూడటానికి ఇటుకంత డబ్బా. గిటారు వైరు అందులో గుచ్చితే, బీరువాలంత పెద్ద యాంప్లిఫయర్లు చేసే మోతనంతా అది కంప్యూటర్ లెక్కలతో పుట్టించి, ఇంకో వైరు గుండా స్పీకర్లకు పంపుతుంది. ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తే ఆకాశంలో తేలినట్టుండేది. ఆదివారం చర్చి స్పీకర్లకు కలిపి, ఇక సంఘమంతా నివ్వెరపోతుందని చూస్తున్నానా, నేను తీగ ముట్టకముందే స్పీకర్లలోంచి "గుయ్ఁ" అని మొదలైంది. పాట మధ్యలో గుయ్, ప్రార్థనలో గుయ్, వాక్యం చదువుతుంటే గుయ్. ముందు వరసలో కూర్చునే ఒక అవ్వ తన చెవి మిషన్ పాడైందనుకుని, పాపం, సూర్యాపేట దాకా పోయి చూపించుకుని వచ్చిందట. అక్కడివాళ్లు మిషన్ బాగానే ఉందని చెప్పి పంపేశారు. ఆ సంగతి తెలిశాక అవ్వ నావైపు చూసే చూపే మారిపోయింది.

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన ఎవరినీ గట్టిగా అనే మనిషి కాదు. "ఏం బిడ్డా, గా డబ్బాల కందిరీగలు గిట్ల దూరినయా?" అని మెల్లగా అడిగారు. తరవాత అంతకంటే మెల్లగా, "వచ్చే ఆదివారం గూడ గిట్లనే ఉంటే గిటారు జర ఇంట్లనే ఉంచు. కీబోర్డుతోని ఎల్లదీసుకుందాం" అన్నారు.

సరిగ్గా ఆ వారమే మా వేములపల్లి పెద్దమ్మ సంబంధం తెచ్చింది. పిల్లది కోదాడ. మా వాళ్లలో ఒక అలవాటుంది. ఇంటికొచ్చి కాఫీ తాగుతూ పిల్లవాణ్ణి చూడటం తరవాతి మాట. ముందు ఒక ఆదివారం పిల్లవాడి చర్చికి చెప్పకుండా వచ్చి, అందరిలో కలిసి కూర్చుని, వాడెలా నిలబడతాడో, ఎలా ప్రార్థిస్తాడో చూసిపోతారు. (చెప్పకుండా అన్నది పేరుకే. ఏ రోజు, ఏ బస్సుకు, ఎంతమంది వస్తున్నదీ పెద్దమ్మ ఫోనులో పూసగుచ్చినట్టు చెప్పేసింది.) ప్రైవేటు ఉద్యోగమని అంతకుముందు వచ్చిన సంబంధాలు వచ్చినట్టే జారిపోయాయి. అందుకని ఈసారి పెద్దమ్మ నా జీతం ఊసెత్తకుండా గిటారును ముందుకు తోసింది. "పిలగాడు గిటారు వాయిస్తే అట్లనే కూసోని వినాలె అనిపిస్తది. మీ పిల్ల గూడ పాడుతదాయె!" అని ఊదరగొట్టిందట. ఆ పిల్ల పాడిన పాట ఒకటి నా ఫోనుకు కూడా పంపింది. సూర్యాపేట బస్సులో ఆ పాట పదేపదే విన్నాను. దిగాల్సిన చోట దిగకుండా డిపో దాకా వెళ్లిపోయి, బడికి ఆలస్యంగా పోయి హెడ్‌మాస్టరు చేత చీవాట్లు తిన్నాను. అంత బాగా పాడే మనిషి ముందు నేను గుయ్యిమనకూడదు. ఈ సంబంధం నాకు కావాలి.

ఆ వారమంతా సాయంత్రం బస్సు దిగడమే ఆలస్యం, నేరుగా చర్చికే. తోడుగా చర్చిలో కీబోర్డు వాయించే అన్న వచ్చేవాడు. వైర్లు మార్చాం, గుయ్. అడాప్టరు మార్చాం, గుయ్. పక్కనున్న కూలరు తీసేశాం. గుయ్ పోలేదు కానీ మాకు చెమటలు పోశాయి. డబ్బాను తీసేసి గిటారును నేరుగా స్పీకర్లకు కలిపినా గుయ్ అలాగే ఉంది. (తప్పు డబ్బాది కాదని అక్కడే తెలుసుకోవాల్సింది. కంప్యూటర్ సార్లకు అంత సులువైన విషయాలు తట్టవు.) డబ్బాలో నాయిస్ గేట్ అని ఒక ఏర్పాటుంది. చిన్న చప్పుళ్లను రానివ్వకుండా తలుపు వేస్తుంది. దాన్ని తిప్పి తిప్పి గుయ్యిని ఆపాను. ఆగింది. దాంతోపాటు గిటారూ ఆగింది. గట్టిగా బాదితే ఒక ముక్క వినపడి, ఎవరో నోరు మూసినట్టు టక్కున ఆగిపోయేది.

"ఎర్తింగ్ ఎండిపోయిందేమోరా. ఎండాకాలం గదా" అన్నాడు కీబోర్డు అన్న. నాకూ నిజమే అనిపించింది. చర్చి వెనక ఎర్తింగ్ గుంతలో ఉప్పు పోసి, బిందెలతో నీళ్లు పోశాం. శుక్రవారం ఉపవాస ప్రార్థనకొచ్చిన ఆడవాళ్లు ఇదేదో పుణ్యకార్యం అనుకుని తలా ఒక బిందె తెచ్చి పోశారు. గుంత నిండి పొర్లి, అయ్యగారి స్కూటరు బురదలో కూరుకుపోయింది. గుయ్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

శనివారం విసుగొచ్చి, గిటారు మెడలో వేసుకునే వెనక్కి తిరిగాను. గుయ్ తగ్గింది. ఇంకొంచెం తిరిగాను. ఇంకొంచెం తగ్గింది. వేదిక మూలకు, గోడకు ముఖం పెట్టి నిలబడేసరికి పూర్తిగా పోయింది. కీబోర్డు అన్న గబగబా బయటికి పోయి సూర్యుణ్ణి చూసొచ్చి, నా చెవి దగ్గర గుసగుసగా, "ఈశాన్యం రా!" అన్నాడు. మళ్లీ అటూ ఇటూ చూసి, "అయ్యగారికి మాత్రం చెప్పకు. మొన్ననే వాస్తు నమ్మొద్దని గంటసేపు వాక్యం చెప్పిండు" అన్నాడు. కారణమేదైతేనేం, చప్పుడు లేదు. గోడకు ముఖం పెట్టి వాయిస్తే కొంపేమీ మునగదనుకున్నాను. పిల్లవాణ్ణి చూడటానికి వస్తున్నారన్న సంగతి, ఆ ఆనందంలో, ఎలా మరిచిపోయానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆదివారం వాళ్లొచ్చారు. మగవాళ్ల వైపు పిల్ల తండ్రి, ఆడవాళ్ల వైపు పిల్ల, వాళ్ల మామ్మ, వాళ్లను అంటిపెట్టుకుని మా పెద్దమ్మ. నేను ఒక్కసారి తొంగిచూసి, తలమీద కొంగు కప్పుకున్న ఆకుపచ్చ చీర మాత్రం గుర్తుపట్టి, గోడకేసి తిరిగి నిలబడ్డాను. పాట మొదలైంది. గిటారు తేనెలా పలుకుతోంది, చుక్క చప్పుడు లేదు. చరణానికీ చరణానికీ మధ్య ఆగిన ఆ నిశ్శబ్దంలో మామ్మగారి గుసగుస చర్చి అంతా వినపడింది.

"ఏవమ్మా, అబ్బాయి అటు తిరిగి నిలబడ్డాడేంటి? మొహం మీద ఏవన్నా మచ్చుందా?"

"అయ్యో, మచ్చ లేదు గిచ్చ లేదు! పిలగానికి జర సిగ్గెక్కువ" అంది పెద్దమ్మ.

"ఇదేం సిగ్గమ్మా! పెళ్లికి కూడా గోడ దగ్గరే నిలబడతాడా?"

నా వీపున చెమటలు పట్టాయి. మెల్లగా ఇటు తిరగబోయాను. గుయ్ఁ. ముందు వరస అవ్వ చెవి మీద చెయ్యేసుకుంది. చటుక్కున గోడకు తిరిగాను. మౌనం. మళ్లీ కొంచెం తిరిగాను. గుయ్ఁ. పిల్లలకు ఇదేదో ఆటలా కనిపించి కిసుక్కుమన్నారు. మా అమ్మ ఆడవాళ్ల మధ్యలోంచి, "ఇటు తిరుగురా" అని కళ్లతోనే పళ్లు కొరుకుతోందని వెనక్కి చూడకుండానే తెలుస్తోంది. ముఖం చూపిస్తే గిటారు పోతుంది, గిటారు కాపాడుకుంటే సంబంధం పోతుంది. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది, మైకులూ స్పీకర్లూ ఆగలేదు. నా డబ్బా బతికే ఉందో లేదో చూద్దామని వెనక్కి తిరిగాను. గుయ్ లేదు. నమ్మలేక పూర్తిగా జనంవైపు తిరిగాను. అయినా లేదు! ఆకుపచ్చ చీర నన్ను చూసింది, నేను చూశాను. మామ్మ మెడ చాచి నా ముఖాన్ని నుదురు నుంచి గడ్డం దాకా తీరిగ్గా పరిశీలించింది. ఆ సంతోషంలో నేను పాటలో లేని స్వరాలు కూడా కొన్ని వాయించాను. అంతలో కరెంటొచ్చింది. వేదిక గోడమీద పెద్ద ఎల్‌ఈడీ సిలువ తళుక్కున వెలిగింది. వెలిగిందో లేదో, గుయ్ఁ!

చర్చి మొత్తం ఒకేసారి సిలువ వైపు చూసింది. వైర్లను అనుమానించాం, కూలర్ను అనుమానించాం, భూమిని కూడా అనుమానించి నీళ్లు పోశాం. సిలువను అనుమానించే ఆలోచన మాలో ఎవరికి వస్తుంది! దాన్ని వెలిగించే చిన్న కరెంటు పెట్టె విడిచే సొదను నా గిటారులోని తీగచుట్టలు పట్టుకుంటున్నాయి. ఆ మూలకు తిరిగితే చుట్టలు దానికి అడ్డంగా పడి పట్టుకోవడం మానేస్తున్నాయి, అంతే. ఈశాన్యం గొప్పతనం ఇసుమంత కూడా లేదు. ఇంకో చిక్కేమిటంటే, ఆ సిలువ పెట్టించింది మా నాన్న. నాయనమ్మ పోయాక ఆమె జ్ఞాపకంగా ఇచ్చాడు. కింద ఆమె పేరు ఎర్ర అక్షరాలతో ఉంటుంది. రోజూ సాయంత్రం, ఆదివారమైతే పొద్దున్నే అందరికంటే ముందొచ్చి ఆ స్విచ్చి తనే వేస్తాడు. ఆయన ముందు దాన్ని ఆర్పమని అడిగే ధైర్యం అయ్యగారికి కూడా లేదు. నేను మళ్లీ గోడకేసి తిరగబోయాను.

అప్పుడు నాన్న లేచాడు. అందరి మధ్యలోంచి మెల్లగా నడిచి స్విచ్చి దగ్గరికి వెళ్లాడు. ఒక్క క్షణం తలెత్తి వాళ్లమ్మ పేరు చూశాడు. టక్కున ఆర్పేశాడు. "మా అమ్మకు పాటంటే పానం. సిలువ ఏడికీ పోదు తియ్. నువ్ వాయించు బిడ్డా" అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చేశాయి. ఆ తరవాత ఏం వాయించానో గుర్తులేదు కానీ, ముఖం మాత్రం జనంవైపే ఉంది. (మర్నాడే ఆ పెట్టె మార్పించాం. సిలువ ఇప్పటికీ వెలుగుతోంది, చప్పుడు చేయకుండా.)

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలు చేసి, "ఆలోచించుకుని చెప్తామండీ" అని వాళ్లు కోదాడ బస్సెక్కారు. ఆ మాట ఎటు తిరుగుతుందో తెలియక నేను అన్నం సయించకుండా తిరిగాను. చివరికి పెద్దమ్మ ఫోను చేసి, పిల్ల ఒప్పుకుందని అరిచింది. ఆ అరుపుకు స్పీకరు అవసరం లేకపోయింది.

ఇప్పుడు ఆదివారాలు ఆమె పాడుతుంది, నేను వాయిస్తాను. సొద పట్టని రకం గిటారు కొనుక్కున్నాను. ఎటు తిరిగినా ఇబ్బంది లేదు, తిరిగినప్పుడల్లా పొట్ట మైకు స్టాండుకు తగలడం తప్ప. మొన్న ఇంట్లో కూర్చుని పాత స్పీకరు ఒకటి విప్పి, లోపలేముందో ఆమెకు గంటసేపుగా వివరిస్తూ, మాటల్లో మాటగా అడిగాను. "ఆ రోజు నాలో ఏం చూసి ఒప్పుకున్నావు?"

ఆమె ఉల్లిపాయలు తరగడం ఆపకుండానే చెప్పింది. "చొక్కా అంతా చెమటకు తడిసి వీపుకి అంటుకుపోయింది. అయినా కదల్లేదు మీరు. పదిమందికీ సొద పెట్టకూడదని గోడకేసి నిలబడ్డ మనిషి, ఇంట్లో కూడా సొద పెట్టడులే అనుకున్నాను. అక్కడే మోసపోయాను."

నేను స్పీకరు పక్కన పెట్టి ఒక ఉల్లిపాయ అందుకున్నాను. ఆ కుర్రాడి ముఖం నాకు బాగానే గుర్తుంది, అద్దంలో రోజూ చూసేవాణ్ణి కదా. అన్నీ తెలుసనుకునే ముఖం, ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. వాడి వీపును మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఆమె ఒప్పుకున్నది దాన్ని చూసి.