గడ్డి మీద చల్లిన నీళ్లు

బడి మానేశానని అందరికీ చెప్పుకుంటాను కానీ, ఏడో తరగతిలో బడే నన్ను మానేసింది. తెలివి అంతంతే. నోరు మాత్రం డబుల్ డ్యూటీ. అంత నోరుండీ పన్నెండేళ్లు ఒక్క మాట లోపలే పెట్టుకుని మోశాను. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెబుతున్నాను.

కాక కొట్టం కాలింది నా వల్ల.

కాక అంటే మా నాన్న తమ్ముడు. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగిన మనిషి. రిటైరయ్యాక ఒక బర్రెను సాకేవాడు. ఆ ఎండాకాలం వరిగడ్డిని కొట్టం అటక మీదికి ఎక్కించమని నాకు చెప్పాడు. నేనప్పుడు బొగ్గు యార్డులో కాంట్రాక్టు కూలీని. కుప్పలు అంటుకోకుండా పైపుతో నీళ్లు కొట్టడమే నా పని. గడ్డికీ అదే మందనుకున్నాను. కాక అన్నానికి వెళ్లగానే నాలుగు బిందెలు చల్లి, కాళ్లతో కుక్కి కుక్కి తొక్కాను.

వారం తర్వాత చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. రామగుండం ఎండల్లో చల్లగా ఏముంటుంది అనుకున్నాను. ఆ తర్వాత మూడో రోజు మధ్యాహ్నం అటక మండింది. కట్టేసిన బర్రె బయటికి రాలేకపోయింది.

ఆ పొద్దున కాక అక్కడే బీడీ తాగాడు. "ఆర్పిన్రా, కాలుతోటి నలిపిన, మంచిగ యాదికున్నది," అన్నాడు. ఎవరూ నమ్మలేదు.

మర్నాడు యార్డులో, పశువులున్న తోటి కూలీని ఊరికే అడిగినట్టు అడిగాను. తడిగడ్డిని కుక్కిపెడితే లోపల దానంతటదే మరిగి అంటుకుంటుందన్నాడు. ఆ సాయంత్రమే చాయ్ హోటల్లో కాక సంగతి వచ్చింది. చెప్పాల్సింది అప్పుడే కదా? నోరు తెరిచాను.

"బాయిల ముప్పై ఏండ్లు అగ్గిపుల్ల గియ్యనోడు, ఇంట్ల ఒక్క బీడీకే కొట్టం కాలవెట్టిండు!"

హోటలంతా నవ్వింది. అప్పటి నుంచి ఆయన బీడీ కాక. పిల్లలకు కూడా.

ఎందుకన్నాను? భయమా? భయమే అయితే నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా, బర్రె పోయిన మనిషి మీద అంత హుషారుగా జోకెందుకు వేశానని నన్ను నేను తిట్టుకుంటాను, తిట్టుకుని మళ్లీ అదే హోటల్‌కు పోయి ఇంకో జోకు వేస్తాను. ఛీ. ఇది రాస్తుంటే మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది.

మొన్న కాక వాకిట్లో చిక్కుడుకాయలు తెంపుతుంటే అంతా చెప్పేశాను. ఆయన తెంపడం ఆపలేదు.

"నేను కాలవెట్టలేదని నాకెర్కేరా," అన్నాడు. "నాకు జెప్పుడేంది? ఆనాడు నవ్వినోళ్లున్నరు గద, పోయి ఆళ్లకు జెప్పు."