గాజు వెనక మాట

డెలీమా గోతియేకు చెవులు పోయి చాలా ఏళ్లయింది. ముప్ఫై ఏళ్లు మగ్గాల గదిలో నిలబడితే ఎవరి చెవులైనా పోతాయి. ఆ రొదలో అరిచినా లాభం లేదు గనక నేతగత్తెలు గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకునేవారు. పెళ్లి సంబంధాలూ, మేస్త్రీ మీద తిట్లూ అన్నీ అలాగే నడిచేవి. మేస్త్రీలకు మాత్రం ఆ విద్య అబ్బలేదు. వాళ్లెప్పుడైనా మగ్గం ముందు నిలబడితే కదా!

మాంద్యం వచ్చాక ఆరు మగ్గాలు చూసే మనిషికి పన్నెండు అంటగట్టి, కూలి తగ్గించారు. ఆ సెప్టెంబరులో మిల్లంతా సమ్మెకు దిగింది. మూడు వారాలకు డెలీమా ఇంట్లో బఠాణీ సూపు వట్టి నీళ్లయింది. మొగుడు ఒమేర్ ఊపిరితిత్తుల్లో దూది చేరి మంచం పట్టాడు. ఆమె పని కూడా పోతే ఆ ఇంటికి ఇంకో దిక్కు లేదు.

నాలుగో సోమవారం, "అందరూ వచ్చేయండి, ఎవరి మీదా కక్ష లేదు" అని మిల్లువాళ్లు కబురు పెట్టారు. పనివాళ్లంతా గేటు దగ్గర వరస కట్టారు. వరసలో నోరెత్తితే జైలేనని తుపాకీ పట్టిన సిపాయి హెచ్చరించాడు. అందరికన్నా ముందు డెలీమా ఉంది. ఎదురుగా ఆఫీసు కిటికీ. గాజు వెనక మేనేజరు హోబర్ట్ మేస్త్రీతో అంటున్నాడు:

"ఈ ఆర్డరు పూర్తయ్యేదాకా పని చేయించు. తర్వాత ఉపన్యాసాలు దంచిన ఆ పదకొండుమందినీ గెంటెయ్. చెవిటిది ఉండనీ. దానికేం వినపడి చస్తుంది!"

కోపం కన్నా ముందు ఆమెకు ఊరట కలిగింది. దాచడం దేనికి? తన పని నిలబడింది, ఒమేర్ మందు నిలబడింది. పనిలో చేరే కాగితం మీద సంతకానికి కలం కూడా అందుకుంది. వెనక రొజానా నిలబడి ఉంది. సమ్మెలో అందరికన్నా ఎక్కువ మాట్లాడింది ఆ పిల్లే. మళ్లీ పని దొరికిందన్న సంబరంతో ఉతికిన ఏప్రను కట్టుకొచ్చింది.

డెలీమా కలం కింద పెట్టి వెనక్కి తిరిగింది. పెదవులతో ఒక్కొక్క మాటే నిదానంగా చెప్పింది. ముసలమ్మ ప్రార్థన చేసుకుంటోందనుకున్నాడు సిపాయి. కాసేపటికి వరసలో ఒక్కరూ మిగల్లేదు. కిటికీలోంచి హోబర్ట్ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

ఆమె ఇల్లు చేరేసరికే కబురు ఒమేర్‌కు అందింది. ఆమె ముఖం తనవైపు తిప్పుకుని అడిగాడు.

"గెంటేసేవాళ్లలో నీ పేరు లేదటగా?"

"లేదు."

"మరెందుకే..."

"ఇప్పుడుంది," అంది డెలీమా.