యోహాను సైకిలుకు మూడు గేర్లు

1948 ఎండాకాలం. సూర్యాపేటలో మునగాల పోయే రోడ్డు మీద, ఊరి చివర బండ్లు తనిఖీ చేసే నాకాకు ఎదురుగా నాకొక సైకిలు దుకాణం ఉండేది. దుకాణమంటే నాలుగు గుంజలు, పైన రేకు, కింద నేను. మునగాల ఇండియన్ యూనియన్ ఇలాకా, మాది నిజాం ఇలాకా. ఆ రోడ్డున ఎవరు పోయినా నిలబెట్టి ఎందుకు పోతున్నావని అడిగే కాలం. తుపాకులు పట్టుకొని పగలు తిరిగేవాళ్లు కొందరు, చీకటి పడ్డాక తిరిగేవాళ్లు కొందరు. పంచరైతే ఇద్దరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు కాబట్టి నేను ఎవరినీ ఏమీ అడిగేవాణ్ని కాదు. మనసులో అనుమానించడానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా, ఆ పని కడుపునిండా చేసేవాణ్ని. లెక్కల పంతులుతో పడక మూడో తరగతిలోనే బడి మానేశాను గానీ, మనుషుల మీద కూడికలు, తీసివేతలు నాకు బాగానే వచ్చు.

ఒక పొద్దున యోహాను సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. చివ్వెంల దగ్గరి పల్లె మనిషి. యాభై దాటినవాడు, బక్కపలచని ఒళ్లు. అటూ ఇటూ చూసి, తువాలలో చుట్టిన మూట నా ముందు పెట్టాడు. విప్పితే మూడు గేర్ల హబ్బు.

చక్రం నడుమ స్పోకులన్నీ వచ్చి తగులుకునే ఇనుప ముక్కను హబ్బు అంటాం. మామూలు హబ్బులో ఇరుసు, నాలుగు గుండ్లు తప్ప ఏమీ ఉండవు. ఇది పొట్ట ఉన్న హబ్బు. ఆ పొట్టలో చిన్న చిన్న పళ్ల చక్రాలుంటాయి. హ్యాండిలు మీద మీట కదిలిస్తే సన్నటి తీగ లోపలి పళ్లను మారుస్తుంది. ఒక గేరులో తొక్కుడు తేలిక, బండి నిదానం. ఇంకో గేరులో తొక్కుడు బరువు, బండి జోరు. అప్పటిదాకా నేను దాన్ని పెద్ద దొరల సైకిళ్లకు తప్ప చూడలేదు.

"ఇది నా బండికి ఎక్కియ్యాలె సాయిలు" అన్నాడు.

"నీ బండికా? కాకా, మీ ఊరికీ ఈడికీ నడుమ ఉన్నదే ఒక్క వాగు. దానికి మూడు గేర్లెందుకే?"

"ఎక్కిస్తవా, ఎక్కియ్యవా?"

"ఎక్కిస్త. ఏడిదిది?"

"కోదాడల మా బామ్మర్ది ఇచ్చిండు."

"సరే. క్యారియర్ మీద ఏమేస్తవ్?"

"ఏమెయ్య. గాలి."

ఈ ప్రశ్న నేను కూపీ లాగడానికి అడగలేదు. వెనక చక్రం అల్లేటప్పుడు దాని మీద ఎంత బరువు పడుతుందో తెలియాలి. దాన్నిబట్టే స్పోకులు ఎంత గట్టిగా లాగాలో తెలుస్తుంది. బియ్యం బస్తా మోసే చక్రం వేరు, పంతులుగారి గొడుగు మోసే చక్రం వేరు. ఆయన చెప్పకపోయినా క్యారియర్ చెప్పింది. ఎడమ పక్క చువ్వ కిందికి వంగి ఉంది, ఆ పక్కనే బట్ట రాపిడికి నున్నగా మెరుస్తోంది. మగవాడు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంటాడు. ఒక పక్కకు తిరిగి కూర్చునేది ఆడమనిషి. గాలి ఒక పక్కకు తిరిగి కూర్చోదు.

గేర్లు మూడు కదా, నా అనుమానాలూ మూడే. చీకట్లో తిరిగేవాళ్లకు చీటీలు చేరవేస్తున్నాడా? మునగాల నుంచి హబ్బు పొట్టలో బంగారం దాటిస్తున్నాడా? లేక ఈ వయసులో ఎవరినో ఎక్కించుకొని తిరుగుతున్నాడా? మూడోదే నిజం కావాలని నా కోరిక. అందులో ప్రమాదం తక్కువ, ముచ్చట ఎక్కువ.

పని అనుకున్నంత సులువుగా సాగలేదు. హబ్బు లావు కావడంతో పాత స్పోకులు పొడుగయ్యాయి. ఒక్కోదాని కొస కత్తిరించి మళ్లీ మర కోశాను. వెనక ఫోర్కు ఇరుకైతే నడుమ చెక్క దిగ్గొట్టి, విరగకుండా కొద్దికొద్దిగా వెడల్పు చేశాను. ఇరుసు తిరిగిపోకుండా రెండు పక్కలా పంటి వాషర్లు వేశాను. అవి కుదురుగా కూర్చోకపోతే ఇరుసు తిరిగి తీగ తెగుతుంది. యోహాను రోజూ వచ్చి గొంతుక్కూర్చొని చూసేవాడు. అతని చెయ్యి మాటిమాటికీ అంగీ లోపలికి, ఎడమ వైపుకు పోయేది. అక్కడ చీటీ ఉందో చాకు ఉందోనని నేను సుత్తి చేతికందేంత దూరంలో పెట్టుకున్నాను.

పని ముగించి తీగ బిగిస్తుండగా నాకా జవాను రోడ్డు దాటి వచ్చాడు. భారీ మనిషి. ఆయన నీడ పడితేనే నా దుకాణం సగం నిండేది.

"ఏందిరా మిస్త్రీ ఈ తార్? వైర్‌లెస్సా?"

"వైర్‌లెస్‌కు తార్ ఉండదు సాబ్. దీనికి ఉన్నది."

జవాను నవ్వలేదు. హబ్బు మీద వేలితో కొట్టి చెవి పెట్టాడు. "లోపట ఏమున్నది? ఏడికెళ్లి తెచ్చినవ్?" అని యోహానును అడిగాడు.

"మిర్యాలగూడల డాక్టరు సాబ్ ఇచ్చిండు. ఆయన పాత బండిది."

నాకు కోదాడ బామ్మర్ది, జవానుకు మిర్యాలగూడ డాక్టరు.

"ఇప్పు" అన్నాడు జవాను నాతో.

"ఇప్పితే లోపటి స్ప్రింగులు ఎగిరి మునగాలల పడతయ్ సాబ్. తేవాలంటే మళ్ల మీ నాకానే దాటాలె."

"అయితే నేను ఎనక కూసుంట. వీడు నన్ను వాగు గడ్డ ఎక్కియ్యాలె. ఎక్కితే గేరు. ఎక్కకపోతే చోరీ మాల్, ఇద్దరూ లోపటికే."

అప్పుడే ఊళ్లోంచి మార్తమ్మ నడుచుకుంటూ వచ్చింది. చేతిలో రేకు పెట్టె. మిషన్ దవాఖానలో కాన్పుల పని నేర్చిన మనిషి. ఆమె యోహాను భార్య అని నాకు ఆ నిమిషం దాకా తెలియదు.

"పంచరని చెప్పి నన్ను నడిపిస్తున్నవ్. గీడ ఏం చేస్తున్నవయ్యా?" అంది.

క్యారియర్ మీది గాలి ఎవరో నాకు తెలిసిపోయింది. జవాను అప్పటికే ఎక్కి కూర్చున్నాడు, క్యారియర్ మూలిగింది. నేనూ మార్తమ్మా వెంట నడిచాం. ఎండిన వాగులోకి బండి బాగానే దిగింది. అవతలి గడ్డ మీద అసలు కష్టం. యోహాను నడిమి గేరులోనే తొక్కుతున్నాడు. "కాకా, గేరు దించు" అని అరిచాను. దించలేదు. సగం గడ్డ ఎక్కి, బండి ఆగబోతుంటే అప్పుడు మీట కదిలించాడు. కాళ్లు గబగబా తిరిగాయి, బండి నత్తలా పైకి పాకింది. ఆయన చెయ్యి మళ్లీ అంగీలోకి పోయింది.

మార్తమ్మ పెట్టె నాకిచ్చి ఉరికింది. "సాబ్, దిగుర్రి. ఆయనకు గుండె నొప్పి ఉన్నది."

జవాను దిగాడు. యోహాను ముఖం బూడిద రంగులో ఉంది. నేను పోయి సైకిలు పట్టుకున్నాను. ఆయన గట్టు మీద కూర్చున్నాడు.

"నీకెవరు చెప్పిన్రు?" అన్నాడు ఊపిరి కూడగట్టుకొని.

"నీ ఈపు ఎనక ఇన్నేండ్ల సంది కూసుంటున్న. నీ ఊపిరి సంగతి నాకొకరు చెప్పాల్నా? వాగు రాంగనె కాళ్లు తిమ్మిరెక్కినయని ఎందుకు దిగుతున్ననుకున్నవ్?"

"మిర్యాలగూడ డాక్టరు బరువు లాగొద్దని గీ గేరు ఇచ్చిండు. నీకు తెలిస్తే బండెక్కవు. ఎక్కకుంటే కాన్పులకెట్ల పోతవ్? గీ దినాలల్ల ఒక్క ఆడమనిషివి."

జవాను వంగి హబ్బును ఇంకోసారి కొట్టి విన్నాడు. "గేరే" అని, మా వైపు చూడకుండా నాకా దారి పట్టాడు. ఆయన అనుమానం తీరిందని నేను ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను.

దుకాణానికి వచ్చాక మార్తమ్మ నన్ను అడిగింది. "సాయిలూ, తేలిక గేరు ఏది?"

చూపించాను.

"ఈయన ఏసుకుంటడా?"

"ఎందుకేసుకోను?" అన్నాడు యోహాను.

"ఇప్పుడే చూసిన గద. సగం గడ్డ దాంక పట్టుకొనే ఉన్నవ్. గేరు దించితే మగతనం దిగుతదని భయం." నా వైపు తిరిగింది. "ఆ మీట ఎనకకు పెట్టొస్తదా? నా చేతికందాలె."

అలాంటి పని ఎవరూ అడగలేదు, నేనూ చేయలేదు. చూస్తే కష్టమేమీ లేదు. సీటు కింద, ఎడమ పక్క గొట్టానికి మీట బిగించాను. తీగ పొట్టిదయింది, గేరు ఇంకా మెత్తగా పడింది.

"బండి తోలేది నేనా నువ్వా?" అని గొణిగాడు యోహాను.

"నువ్వే తోలు. ఊపిరి సంగతి నేను సూసుకుంట."

రెండు పల్లెల్లో నొప్పులు మొదలైన ఆడవాళ్లు ఆమె కోసం చూస్తున్నారు. ఇద్దరూ అప్పుడే బయలుదేరారు, వాగు దాకా నేనూ వెంట నడిచాను. వాగు గడ్డ మొదట్లోనే సీటు కింద టక్కుమని చప్పుడైంది. బండి నిదానించింది, ఆయన కాళ్లు తేలికయ్యాయి. మార్తమ్మ దిగలేదు.

తర్వాత చాలా సైకిళ్లకు గేర్లు ఎక్కించాను. అనుమానం నా ఒంట్లో పుట్టింది, అది పోదు. కానీ ఇప్పుడు ఎవరైనా గేరు కావాలని వస్తే, క్యారియర్ మీద ఏమేస్తావని అడగను. ఎవరు కూర్చుంటారని అడుగుతాను. మీట హ్యాండిలు మీదే ఉండాలని రూలేం లేదు. తొక్కేవాడి ఊపిరి ఎవరికి వినిపిస్తుందో, వాళ్ల చేతికి అందేచోట బిగించాలి.