పాస్టరయ్యను ఊరు దాటించిన నా అర్జీ

చదివేవాళ్లు ముందుగానే గుండె చిక్కబట్టుకోండి. ఒక మంచి మనిషిని ఊళ్లో ఉంచాలని కూర్చుని, నా చేతులారా ఆయనను ఊరు దాటించిన ఘనకార్యం ఇది. వేరేవాళ్లు చేసి ఉంటే తిట్టుకునే సుఖమైనా నాకు మిగిలేది. చేసింది నేనే కాబట్టి ఆ సుఖం ఊరివాళ్లకు దక్కింది.

అప్పట్లో నేను చేవెళ్లలో ఒక జిరాక్సు షాపు పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాసేవాడిని. పాసుబుక్కులో పేరు తప్పు పడినా, పింఛను ఆగినా జనం నా దగ్గరికే వచ్చేవారు. "రత్నం రాస్తే ఆఫీసరు కండ్లల్ల నీళ్లు తిరగాలె" అనేవారు. ఆ మాట నా తలకెక్కి కూర్చుంది.

మా ఊరు చేవెళ్లకు దగ్గరే. మాది మెథడిస్టు క్రైస్తవ సంఘం. మాలో పాస్టరు ఒకేచోట కలకాలం ఉండడు. ఏటా సంఘాలన్నిటికీ కలిపి కాన్ఫరెన్సు జరుగుతుంది. మా చుట్టుపక్కల సంఘాలను చూసుకునే సూపరింటెండెంటుగారి సలహా తీసుకుని, ఆఖరి రోజున ఎవరు ఏ సంఘానికో బిషప్పుగారు పేర్లు చదువుతారు. ఆ వారమంతా మా ఊళ్లో ఎవరికీ అన్నం సహించదు. పైగా ఒక కట్టుబాటు ఉంది. వెళ్లిపోయిన పాస్టరు, కొత్త పాస్టరు పిలవనిదే పాత సంఘంలో పెళ్లి చేయించకూడదు, సమాధి దగ్గర ప్రార్థన కూడా చేయకూడదు.

ఆ ఏడు మా శామ్యూల్ పాస్టరుకు ఐదేళ్లు నిండాయి, ఇక బదిలీ తప్పదని అందరికీ భయం. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, తుంటి విరిగి మంచాన పడి ఏడాది దాటింది. ప్రతి గురువారం ఆయన వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకునేవాడు. ప్రార్థన రెండు నిమిషాలు, ముచ్చట్లు గంట. అవ్వకు మిగిలిన పండుగ అదొక్కటే.

"బిడ్డా, నన్ను మట్టిల పెట్టేనాడు మన పాస్టరయ్యనే ప్రార్థన చెయ్యాలె. నా ముచ్చట్లు ఆయనకే ఎరుక. కొత్తాయనొస్తే నా పేరు సుత కాయితం చూసి చదువుతడు."

"ఫికర్ చెయ్యకు అవ్వా. ఒక్క అర్జీ కొడ్త, బిషప్పు సారు కరిగిపోవాలె."

"నీ అర్జీ ఏమొద్దు. పోయి సూపరింటెండెంటు సారుకు నోటితోని చెప్పుండ్రి."

వింటే ఈ కథ ఎందుకుంటుంది? నాలుగు పేజీలు రాశాను. శామ్యూల్ పాస్టరు వచ్చాక మా ఊరి తాగుబోతులు మజ్జిగకు మారారని రాశాను. పలకని అన్నదమ్ములు ఒకే కంచంలో తింటున్నారని రాశాను. అక్కడితో ఆగినా బాగుండేది. 'రెండుగా చీలిన మా సంఘాన్ని ఒక్కటి చేసిన మహానుభావుడు' అని కూడా రాశాను. మా సంఘం ఎన్నడూ చీలలేదు. చీలడానికైనా కొంత ఓపిక కావాలి కదా!

సంఘ పెద్ద గాబ్రియేలన్న చదివి కళ్లజోడు పైకి జరిపాడు.

"గిదేంది రత్నం? మనం ఎన్నడు కొట్లాడుకున్నం?"

"అన్నా, అర్జీ అన్నంక జర ఉప్పు కారం ఎక్కువనే పడాలె. సంతకం పెట్టు."

పెట్టాడు. ఆయన వెనక అందరూ పెట్టారు.

కాన్ఫరెన్సుకు మా తరఫున గాబ్రియేలన్నే వెళ్లాడు. ఆఖరి రోజు ఫోను చేశాడు.

"బదిలీ అయిండు రత్నం."

"యాడికి?"

"మొయినాబాద్ అవతల సంఘానికి. అక్కడి డేవిడ్ పాస్టరు మనకు."

ఆ సంఘం రెండు వర్గాలై కొట్లాడుకుంటోందని అందరికీ తెలుసు. మా ఊరి నుంచి అక్కడికి గంట ప్రయాణం. కట్టుబాటు అడ్డం ఉన్నాక గంటైనా ఒకటే, సముద్రమైనా ఒకటే.

వీడ్కోలు ఆదివారం నాడు శాలువాలు కప్పారు, దండలు వేశారు. పాస్టరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. అప్పుడు సూపరింటెండెంటుగారు లేచారు.

"పాస్టరుగారిని ఇంకో రెండేండ్లు ఈడనే ఉంచుదామనుకున్నం. ఇంతల మీ అర్జీ వచ్చింది. మొయినాబాద్ దిక్కు సంఘం చీలింది, ఎవరిని పంపాలె అని మేం తలకాయ పట్టుకొని కూసున్నం. చీలిన సంఘాన్ని కలిపినోడని మీరే రాసిండ్రు! దేవుడే రాయించిండు అనుకున్నం. ఇంత మంచిగ రాసిందెవరు?"

గుడి నిండా ఉన్న తలకాయలన్నీ నా వైపు తిరిగాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా కలం మంచిదయ్యేసరికి పాస్టరే ఊరు దాటాడు. శామ్యూల్ పాస్టరు నా దగ్గరికి వచ్చాడు. భుజం తట్టి సామాన్ల లారీ ఎక్కాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇంటికి వచ్చాను.

"పోయిండా?" అంది అవ్వ.

"పోయిండు."

"నీ అర్జీ పనిచేసిందా?"

"చేసింది."

అవ్వ గోడ వైపు ముఖం తిప్పుకుంది. నేను ఆ స్టూలు మీద కూర్చుని ఏడ్చాను.

డేవిడ్ పాస్టరుకు ప్రార్థన మొదలుపెడితే ఆపడని పేరు. మొదటి గురువారం నలభై నిమిషాలు చేశాడు. నొప్పితో నిద్ర లేని అవ్వ హాయిగా గురక పెట్టింది. "మంచోడే. గని నా ముచ్చట్లు ఈయనకు ఎరుకలేవు" అంది లేచాక.

వానలు మొదలయ్యాక అవ్వ పోయింది. పాత పాస్టరును పిలవమని అడగడానికి నాకు నోరు రాలేదు. డేవిడ్ పాస్టరు నా ముఖం చూసి, తనే ఫోను తీశాడు. "అయ్యగారూ, మీరు రావాలె. ఈమె మీ మనిషి."

శామ్యూల్ పాస్టరు తడుస్తూ వచ్చాడు. కాగితం చూడకుండా అవ్వ పేరు పలికాడు. తన ప్రసంగం సాగితే ఆమె కావాలని దగ్గేదని చెప్పాడు. తర్వాత నా వైపు చూశాడు.

"కాన్ఫరెన్సు ముందు గురువారం ఈ తల్లి నాకొక మాట చెప్పింది. 'పాస్టరయ్యా, మా రత్నం నీ గురించి అర్జీ రాస్తున్నడు. ఎందుకైనా మంచిది, సామాన్లు కట్టుకో' అన్నది."

సమాధి చుట్టూ నిలబడ్డ జనం వానలో ఏడుస్తూ నవ్వారు. నేనూ నవ్వాను. అవ్వ కూడా నవ్వే ఉంటుంది.

డేవిడ్ పాస్టరు మాకు ఇప్పుడు ప్రాణం. ఆయనకూ బదిలీ గడువు దగ్గర పడింది. నన్ను అర్జీ రాయమని మాత్రం ఒక్కరూ అడగలేదు. అందుకే అవ్వ సమాధి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేను ప్రేమించే మనిషి గురించి ఇక మీదట ఒక్క మంచి ముక్క కూడా కాగితం మీద పెట్టను. రాయక తప్పని రోజు వస్తే, పేజీలకు పేజీలు ఫిర్యాదే రాస్తాను.