రెండో సంతకం

ముత్తియాల్‌పేటలో రఘునాథన్ అని పేరు చెబితే ఎవరికీ తెలియదు. పొద్దున్నే సైకిలు మీద పోయి చేపలు తెచ్చుకునే బట్టతలాయన అంటే మాత్రం వీధి వీధంతా ఇల్లు చూపిస్తుంది. ముప్పై నాలుగేళ్లు ఒకటే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆ ఉద్యోగమేమిటో పక్కింటివాళ్లకు కూడా చెప్పలేదు. దేశానికి కావలసిన కరెంటు, దేశ రక్షణ రెండూ చూసుకునే కేంద్ర ప్రయోగశాల అది. దాని పేరు బయట అనకూడదని చేరిననాడే ఆయన చేత సంతకం పెట్టించుకున్నారు, కనుక నేనూ అనను. మేట్టుపాళయం పరిశ్రమల ఎస్టేటులో వాళ్లకొక తనిఖీ విభాగం ఉంది. రఘునాథన్ బతుకంతా అందులోనే గడిచింది.

చేసిన పని వింటే ఓస్, ఇంతేనా అంటారు. ఫిల్ములు చూడడం. సినిమాలు కావండీ! డాక్టరు మన ఎముకలకు ఎక్స్‌రే తీసినట్టు అక్కడ ఉక్కు అతుకులకు తీస్తారు. వెల్డింగు పైకి నున్నగా ముచ్చటగానే ఉంటుంది. లోపల చీలిక ఉంటే ఫిల్ము మీద వెంట్రుకంత నల్లగీత పడుతుంది. దాన్ని పట్టుకోవాలి. మనిషి కన్ను కదా, పొరబడుతుంది, అందుకని ప్రతి ఫిల్మునూ ఇద్దరు చూడాలని నియమం పెట్టారు. మొదటివాడు రాసింది రెండోవాడు చూడకూడదు. ఇద్దరూ విడివిడిగా బాగుందని సంతకం పెడితేనే ఆ అతుకు నెగ్గినట్టు.

నియమం మంచిదే. ఆ ఇద్దరూ మామా అల్లుళ్లయితే ఏమవుతుందన్నది మాత్రం రాసినవాళ్లకు తట్టలేదు.

వరదరాజులు రఘునాథన్‌కు మేనమామ. కిరుమాంబాక్కంలో సేద్యం చేసుకునే ఇంటి నుంచి చదువుకుని పైకొచ్చినవాడు. మేనల్లుడికి ఆ ఉద్యోగం వేయించింది ఆయనే, కూతురు భాగ్యాన్ని ఇచ్చి పెళ్లి చేసిందీ ఆయనే. ఆ ఇళ్లలో మేనమామ కూర్చోమంటే కూర్చోవాలి, తినమంటే తినాలి. ఆయన బాగుందన్నదాన్ని కాదనడానికి ఏ అల్లుడికి నోరొస్తుంది చెప్పండి?

ఫిల్ములు చూసేముందు కళ్లు అలవాటు పడడానికి చీకటిగదిలో పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఆ చీకట్లో మామ ముక్కుపొడి పీలుస్తూ ఊరి కబుర్లు చెప్పేవాడు. తర్వాత దీపాల పెట్టె వెలిగించి, ఒక్కొక్క ఫిల్మునూ చూసి రాసేవాడు. "సరే, నువ్వూ వేసుకోరా" అని సంతకానికి ఇటు జరిపేవాడు. కాగితం మూసిపెట్టే అలవాటు ఇద్దరిలో ఎవరికీ లేదు. రఘునాథన్ ఫిల్మును చూడలేదనను, చూశాడు. కాని జవాబు తెలిశాక చూసే చూపు ఒక చూపేనా! ఒక్కోరోజు మామే, "ఈపొద్దు నువ్వు ముందు చూడరా" అనేవాడు. ఆ రోజున మాత్రం రఘునాథన్ ఛాతీ రెండంగుళాలు పెరిగేది. విభాగంలో కొత్తగా చేరినవాళ్లకు 'వరదరాజులు కన్ను' అని చెప్పి పని నేర్పేవాళ్లు మరి, అంతటివాడు తనను ముందు చూడమన్నాడు.

ఇరవై రెండేళ్ల కిందట ఒక పెద్ద ఉక్కు పాత్ర తయారైంది. కరిగిన సోడియం నింపి ప్రయోగాలు చేయడానికి. దాని అతుకులన్నీ ఈ ఇద్దరే చూసి సంతకాలు పెట్టారు. మరుసటి ఏడే మామ రిటైరయ్యాడు, ఆ వెంటనే కళ్లకు ఆపరేషను చేయించుకున్నాడు. డాక్టరు రఘునాథన్‌ను పక్కకు పిలిచి, "ఇది నిన్నమొన్నటి పొర కాదు, చాలా ఏళ్లుగా ముదిరింది. ఈ కళ్లతో ఆయన ఏం ఉద్యోగం చేశాడండీ?" అని అడిగాడు.

రఘునాథన్‌కు అప్పుడు అర్థమైంది. రిటైరయ్యేదాకా నెట్టుకొద్దామని మామ ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. ఆ గుడ్డికళ్లు రాసిందే తను ఎత్తి రాశాడు. అంటే ఆ పాత్రను అసలు ఎవరూ చూడనేలేదు!

అప్పుడే చెప్పొచ్చుగా అంటారు. చెప్పలేదు. మామ ఎదురుగా బతికి ఉన్నాడు, అదీ సంగతి. దానికితోడు పైవాళ్లు ఆ ప్రయోగాన్ని మూలన పడేశారు. పాత్ర టార్పాలిన్ కప్పుకుని షెడ్డులో పడి ఉంది, ఫిల్ములు రికార్డు గదికి చేరాయి. సోడియం పోసినప్పటి మాట కదా అని రఘునాథన్ గుండెకు సర్దిచెప్పుకున్నాడు. గుండె వింటుందా? నీళ్ల గొట్టం చూస్తే అతుకు దగ్గర నల్లగీత. భాగ్యం మోకాలి ఎక్స్‌రే కిటికీకి ఎత్తి చూస్తే, ఎముక మంచిగానే ఉంది, ఆయనకు మాత్రం గీతే. కళ్లు నులుముకుంటే పోయేది, మళ్లీ వచ్చేది.

నాలుగేళ్ల కిందట మామ పోయాక ఇంకా ఎక్కువైంది. మధ్యాహ్నం అన్నం తిని ఇలా కళ్లు మూస్తే, కాగితపు కవరులోంచి ఫిల్ము జారిన చప్పుడు. "సరే, నువ్వూ వేసుకోరా" అన్న మాట చెవి పక్కనే. ఉలిక్కిపడి లేస్తే ఎవరూ ఉండరు, ఎదురుగా గోడ, గోడకు మామ పటం. ఇదంతా మనసు చేసే మాయలే అని తనకు తాను చెప్పుకుంటూ ఉండగా, ఒకనాడు భాగ్యం వంటింట్లోంచి వచ్చి ముక్కు ఎగబీల్చింది.

"ఏంది బావా, పొడి వాసన వస్తావుండాది? ఈ వయసులో మొదలుపెట్టినావా?"

ఆ ఇంట్లో ముక్కుపొడి డబ్బా లేక నాలుగేళ్లు.  రఘునాథన్ లేచి వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు.

ఆ వారమే, ఒకప్పుడు తనతో పనిచేసి, ఇంకా ఉద్యోగంలో ఉన్న మణికంఠన్ ఫోను చేశాడు. "అన్నా, సంగతి తెలుసునా? మీ పాత పాత్ర బయటికి తీసినారు. పదహైదు దినాల్లో సోడియం పోస్తారంట. కాగితాలన్నీ సరిగా ఉండాయి, వరదరాజులయ్య సంతకం కదా, మళ్లా చూసే పనే లేదన్నారు."

కరిగిన సోడియం గాలి తగిలితే భగ్గుమంటుంది. ఒకసారి పాత్ర నింపి పైన తొడుగులు బిగించాక ఆ అతుకుల్ని ఇక ఎవడూ చూడలేడు. ఆ హాల్లో నలభైమంది పనిచేస్తారు, మణికంఠన్‌తో సహా. ఫోను పెట్టేసి రఘునాథన్ భాగ్యాన్ని పిలిచి కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్లుగా మింగినదంతా కక్కేశాడు.

ఆమె చివరిదాకా విని లేచి నిలబడింది. "చచ్చినోళ్ల కండ్లు చారెడంటారు లోకంలో. నువ్వు మా నాయన్ని గుడ్డోడ్ని చేసేదానికి పోతావుండావు!"

"నలభైమంది, భాగ్యం."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది బావా. ఆయన పెట్టిన అన్నం తినినావు, ఆయన బిడ్డను కట్టుకున్నావు. పోయినోడు వచ్చి నేను చూసినానని చెప్పుకుంటాడా?"

 మర్నాడు పొద్దున్నే రఘునాథన్ మేట్టుపాళయం బస్సెక్కాడు. భాగ్యం కాఫీ ఇవ్వలేదు, పోయిరా అనలేదు.

విభాగానికి ఇప్పుడు హేమమాలిని అనే ఆవిడ పెద్ద. నలభై ఏళ్లుంటాయి. విన్నంతసేపూ ఆవిడ ముఖం ఎర్రబడుతూనే ఉంది. "ఇరవై రెండేళ్లు సార్!" అంది తమిళంలో. "ఇరవై రెండేళ్లు ఇది దాచుకుని ఎలా నిద్రపోయారు?" నిద్రపోలేదని ఆయన చెప్పలేదు. ఆవిడ సోడియం పని ఆపించి, రికార్డు గది తెరిపించి, మూడువందల పద్దెనిమిది ఫిల్ములు బయటికి తీయించింది. ఇద్దరు మనుషుల్ని రెండు వేరువేరు గదుల్లో కూర్చోబెట్టింది.

మూడు రోజులు రఘునాథన్ వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. మామ తప్పు దొరక్కూడదు తండ్రీ అని ఒక నిమిషం, ఉంటే ఇప్పుడే దొరకాలి తండ్రీ అని మరో నిమిషం మొక్కుకున్నాడు. ఏ దేవుడైనా దీన్ని ఎలా తీరుస్తాడు పాపం!

మూడోరోజు మధ్యాహ్నం హేమమాలిని లోపలికి పిలిచింది. "ఒక్కటి దొరికింది. మీరూ చూడండి." తలుపు వేసి దీపం ఆర్పేసింది. పది నిమిషాలు. చీకట్లో ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, తన ఊపిరి వినిపిస్తోంది. వాటి మధ్యన మూడో ఊపిరి కూడా ఉన్నట్టు రఘునాథన్‌కు తోచింది. ఆ చీకట్లో పటాలూ లేవు, గోడలూ లేవు, మామ పక్కనే ఉన్నాడు.

పెట్టె వెలిగింది. గీత ఉంది. సన్నగా, నల్లగా, అతుకు పొడుగునా.

"దీన్ని ముందు చూసింది మీరు" అంది హేమమాలిని. ఒక కాగితం జరిపింది. తన చేతిరాతే. నలభై ఏళ్ల వయసులో, ఏ పొరా లేని నిక్షేపమైన కళ్లతో తను రాసిన మాట: బాగుంది. మామ తనను ముందు చూడమన్న రోజది.

"ఇది ఆయనది." రెండో కాగితం మీద మామ ముత్యాల్లాంటి అక్షరాలు. సందేహంగా ఉంది, మళ్లీ తీయాలి. దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టి ఉంది. కింద, బాగుంది. ఆ కింద సంతకం.

"కనబడినదాన్ని ఎందుకు కొట్టేశారాయన?"

 ఎందుకో రఘునాథన్‌కు తెలుసు. తన కళ్ల సంగతి మామకు తెలుసు. పక్కన అల్లుడి కాగితం తెరిచి ఉంది. కుర్రాడి కళ్లు మంచివి, నాకే మసకగా తోచిందేమో అనుకుని ఉంటాడు. తను మామను చూసి రాసినట్టే, మామా తనను చూసి రాశాడు. ఇన్నేళ్లూ తన వెంట తిరిగిన తప్పు మామది కానే కాదు, తనది. కాగితం మీది మామ సంతకం ముందు రఘునాథన్ తల దించుకుని ఏడ్చాడు. హేమమాలిని బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

ఆ అతుకు కోసి మళ్లీ వేయాలని అప్పటికప్పుడు ఆర్డరు వేశారు. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి భాగ్యం గుమ్మంలోనే నిలబడి ఉంది. మూడు రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచింది.

"దొరికినాదా?"

"దొరికినాది."

 "మా నాయన చూడలేదా?"

"మీ నాయన చూసినాడు, భాగ్యం. నన్ను నమ్మి కొట్టేసినాడు."